వాటాల లెక్క: హోమర్ కావ్యాల్లో పరువు, ఆడవాళ్ళు, దేవుళ్ళు

గ్రీకులు ట్రాయ్ నగరం మీద చేసిన యుద్ధం కథ ఇలియడ్. దాని 23వ సర్గలో, చనిపోయిన ప్రాణస్నేహితుడు పట్రోక్లస్ చితి ఆరాక అతని పేరిట గ్రీకు వీరుడు అకిలీస్ ఆటల పోటీలు పెడతాడు. కుస్తీకి రెండు బహుమతులు తెచ్చి నడిమధ్య నిలుపుతాడు. గెలిచినవాడికి నిప్పు మీద పెట్టే పెద్ద ముక్కాలి పాత్ర. చుట్టూ ఉన్న గ్రీకులు దాన్ని 12 ఎద్దుల సొమ్ముగా వెలకట్టారు. ఓడినవాడికి పనిపాటల్లో ఆరితేరిన ఒక స్త్రీ. ఆమె వెల 4 ఎద్దులు. గ్రీకు వీరులు అయాస్, ఒడిస్సియస్ ఎంతసేపు పెనుగులాడినా ఒకరినొకరు పడగొట్టలేకపోయేసరికి, ఇద్దరూ గెలిచినట్టే, బహుమతులు సమానంగా తీసుకోండి అంటాడు అకిలీస్. పాత్రనూ మనిషినీ సమానంగా ఎలా పంచుకున్నారో కవి చెప్పడు. అతనికి అందులో చెప్పాల్సిందేమీ కనబడలేదు.

ప్రాచీన గ్రీకు కావ్యాల విలువల గురించి రాసేవాళ్ళు వీరత్వం, కీర్తి, విధి అనే పెద్ద మాటలతో మొదలుపెడుతుంటారు. ఆ మాటలు కావ్యాల్లో ఉన్నాయి. కానీ కథను కదిలించేది వాటాల గొడవ. కొల్లసొమ్ములో ఎవరికెంత, విందులో ఏ ముక్క ఎవరిది, ఏ పని మగవాళ్ళది ఏ పని ఆడవాళ్ళది, బలిపశువులో దేవుడికి ఏం పోతుంది మనిషికి ఏం మిగులుతుంది. ఈ పంపకం చెడిన చోటే హోమర్ పాట ఎత్తుకుంటాడు.

ఇలియడ్‌లో సుమారు 15,700 పాదాలు, ట్రాయ్ యుద్ధం ముగిశాక ఒడిస్సియస్ ఇంటికి చేరే కథ ఒడిస్సీలో సుమారు 12,100 పాదాలు ఉన్నాయి. రెండూ క్రీ.పూ. 8వ శతాబ్దం చివరా 7వ శతాబ్దం మొదటా ఇప్పటి రూపానికి వచ్చాయన్నది ఎక్కువమంది పండితుల మాట. అంతకు ముందు తరతరాలుగా గాయకుల నోట నడిచిన పాట కాబట్టి వేర్వేరు కాలాల సంగతులు ఇందులో కలిసిపోయాయి. కంచు ఆయుధాలు, పంది కోరలు కుట్టిన శిరస్త్రాణం పాతకాలపు జ్ఞాపకాలు; శవాన్ని దహనం చేయడం తర్వాతి కాలపు ఆచారం. అందుకే ఇందులోని సమాజాన్ని ఫలానా సంవత్సరానికి, ఫలానా ఊరికి అతికించడం కుదరదు. కొన్ని విషయాలకు మాత్రం గట్టి సాక్ష్యం ఉంది. మైకేల్ వెంట్రిస్ 1952లో చదవగలిగిన లీనియర్ బి అనే పాతకాలపు గ్రీకు లిపిలో, క్రీ.పూ. 1200 ప్రాంతపు పైలోస్ రాజభవనం మట్టి పలకల మీద, నూలు పని చేసే స్త్రీల గుంపులూ వాళ్ళకూ పిల్లలకూ కొలిచి ఇచ్చిన ధాన్యం, అంజూర పళ్ళ లెక్కలూ ఉన్నాయి. ఆ గుంపుల్లో కొన్నింటికి మిలెటస్, లెమ్నోస్ లాంటి సముద్రం అవతలి ఊళ్ళ పేర్లు. హోమర్ పాడిన బందీ స్త్రీలు గాలిలోంచి పుట్టలేదు.

పరువుకు తూకం

హోమర్ లోకంలో పరువు మనసులో ఉండే భావన కాదు. కంటికి కనబడాలి, చేతికి అందాలి. ఊరు కొల్లగొట్టాక దొరికిందంతా ఒకచోట పోస్తారు. సైన్యం పేరిట పంపకం జరుగుతుంది. నాయకులకు మామూలు వాటా కాక ప్రత్యేకంగా ఒక గౌరవ వాటా ఇస్తారు. అది ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు. ఈ ఒక్క నియమం తెలియకపోతే ఇలియడ్ మొదటి సర్గ ఇద్దరు మొండివాళ్ళు ఒక అమ్మాయి కోసం పడిన తగాదాలా కనబడుతుంది.

జరిగింది ఇది. అపోలో దేవుడి పూజారి క్రిసెస్ లెక్కలేనంత సొమ్ము తెచ్చి, గ్రీకుల పెద్ద రాజు అగమెమ్నన్‌కు గౌరవ వాటాగా పోయిన తన కూతుర్ని విడిపించమని అడిగాడు. సైన్యమంతా సరేనంది, అగమెమ్నన్ కసిరి పంపాడు. తొమ్మిది రోజులు అపోలో బాణాలు కురిశాయి; ముందు కంచర గాడిదలు, కుక్కలు, ఆ తర్వాత మనుషులు. పదో రోజు అకిలీస్ సభ పిలిచాడు. అమ్మాయిని తిరిగి పంపక తప్పదని తేలింది. అప్పుడు అగమెమ్నన్, అందరి వాటాలూ అందరి దగ్గరా ఉండగా తానొక్కడూ వట్టిచేతులతో కూర్చోవడం తగదు, వెంటనే ఇంకో వాటా కావాలన్నాడు. పంచేశాం కదా, జనం దగ్గర మళ్ళీ పోగుచేయడం మర్యాద కాదు, ట్రాయ్ పడ్డాక మూడింతలు నాలుగింతలు ఇస్తాం అన్నాడు అకిలీస్. నియమం ప్రకారం అకిలీస్ చెప్పిందే సరి. అయితే అందరికన్నా పెద్ద రాజు అందరి ముందూ వాటా లేకుండా నిలబడితే అతని పెద్దరికం ఏమైనట్టు? అదీ ఆ లోకంలో న్యాయమైన ప్రశ్నే. ఎక్కువమందిని ఏలేవాడు గొప్పా, ఎక్కువ బాగా పోరాడేవాడు గొప్పా అన్న తగువు తీర్చే చోటే వాళ్ళ దగ్గర లేదు. ముసలి నెస్టర్ లేచి, నువ్వు ఆ అమ్మాయిని తీసుకోకు, నువ్వు రాజుతో పోటీపడకు అని ఇద్దరికీ చెరో మాట చెప్పాడు. ఇద్దరూ వినలేదు. అకిలీస్‌కు గౌరవ వాటాగా దక్కిన బ్రిసేయిస్ అగమెమ్నన్ గుడారానికి వెళ్ళింది.

వాటాకూ పోరుకూ ఉన్న లంకెను 12వ సర్గలో ట్రాయ్ పక్షాన పోరాడే రాజు సార్పెడన్ తేటగా చెబుతాడు. మనకే మంచి పీట, మంచి మాంసం, నిండు గిన్నె ఎందుకు ఇస్తున్నారు, నది ఒడ్డున మంచి భూమి ఎందుకు రాసిచ్చారు? అందుకే మనం ముందు వరసలో నిలబడాలి అంటాడు తోటి వీరుడు గ్లాకస్‌తో. వెంటనే, ఈ యుద్ధం తప్పించుకుంటే చావే లేకుండా పోతుందంటే నేనూ పోరాడను, నిన్నూ పంపను అని కూడా అంటాడు. వీరుడంటే చావుకు భయపడనివాడని ఊహించుకునే పాఠకుడు ఈ రెండో మాటను దాటేస్తాడు, నిజానికి బరువంతా దాని మీదే ఉంది.

ఈ లెక్క ఎక్కడ తెగుతుందో 9వ సర్గ చూపిస్తుంది. కోపంతో యుద్ధం మానేసిన అకిలీస్‌ను రప్పించడానికి అగమెమ్నన్ ఇస్తానన్న సొమ్ము: నిప్పు తగలని 7 ముక్కాలి పాత్రలు, 10 తలాంతుల (తలాంతు ఒక తూకం) బంగారం, 20 కొప్పెరలు, 12 పందెం గుర్రాలు, లెస్బోస్ స్త్రీలు ఏడుగురు, తాను ముట్టలేదన్న ప్రమాణంతో బ్రిసేయిస్, ట్రాయ్ పడ్డాక ఓడ నిండా బంగారం, 20 మంది ట్రాయ్ స్త్రీలు, ఇంటికి వెళ్ళాక ముగ్గురు కూతుళ్ళలో ఒకతె కన్యాశుల్కం లేకుండా, పైగా 7 ఊళ్ళు. పోయిన పరువుకు ఇంతకన్నా ఏం కావాలి? మెలిక ఈ జాబితాలోనే ఉంది. శుల్కం లేకుండా పిల్లనిచ్చి అల్లుణ్ణి చేసుకుంటే అకిలీస్ మామ చెయ్యి కింద ఉన్నట్టే. ఎదుటివాడు ఎప్పటికీ తీర్చలేనంత ఇవ్వడం కూడా పెద్దరికం చాటుకోవడమే. చివర్లో అగమెమ్నన్, అతను నాకు లొంగాలి, రాచరికంలో నేనే పెద్ద అని కూడా అన్నాడు. రాయబారం మోసిన ఒడిస్సియస్ జాబితా మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పి ఈ తోకను మాత్రం కోసేసి, దాని బదులు మిగతా గ్రీకుల మీద జాలి చూపమన్నాడు. అకిలీస్ ఎలాగూ పసిగట్టాడు. మనసులో ఒకటి దాచి బయటికి ఇంకొకటి చెప్పేవాడంటే నాకు నరకద్వారమంత అసహ్యం అని మొదలుపెట్టాడు. ఇంటి దగ్గర కూర్చున్నవాడికీ ఒళ్ళు వంచి పోరాడినవాడికీ ఒకటే వాటా అయితే ఈ సొమ్ము ఎందుకు అన్నాడు. ఆ వ్యవస్థలో పెరిగిన అందరికన్నా గొప్ప వీరుడే వ్యవస్థ తూకం రాయి తప్పని అన్న చోటు ఇది.

ఇంచుమించు ఇదే ఆరోపణ రెండో సర్గలో థెర్సిటీస్ అనే మామూలు సైనికుడు చేశాడు. ఒడిస్సియస్ రాజదండంతో వీపు మీద కొట్టాడు, జనం నవ్వారు. మాట ఎంత నిజమన్నది కాదు, ఎవరి నోట వచ్చిందన్నదే లెక్క.

అది మగవాళ్ళ పని

ఆరో సర్గలో ట్రాయ్ ద్వారం దగ్గర ఆండ్రోమకే భర్త హెక్టర్‌ను ఆపుతుంది. ఆమె తండ్రినీ ఏడుగురు అన్నదమ్ములనూ చంపింది అకిలీసే. నాకు తండ్రివీ తల్లివీ అన్నవీ భర్తవీ నువ్వే అంటుంది. ఈ మాట అందరికీ గుర్తుంటుంది. తర్వాత ఆమె అన్నది ఎక్కువమంది మరిచిపోతారు: సైన్యాన్ని అత్తిచెట్టు దగ్గర నిలుపు, గోడ ఎక్కడానికి అక్కడే సులువు, వాళ్ళు ఇప్పటికే మూడుసార్లు అక్కడ ప్రయత్నించారు. గోడ మీద నుంచి చూసిన మనిషి ఇచ్చిన యుద్ధ సలహా అది. హెక్టర్ అత్తిచెట్టు ఊసెత్తడు. కొంగులు నేల జీరాడే ట్రాయ్ ఆడవాళ్ళ ముందూ మగవాళ్ళ ముందూ సిగ్గుపడాల్సి వస్తుందంటాడు. చివరికి, నువ్వు ఇంటికి వెళ్ళి మగ్గం, కదురు చూసుకో, యుద్ధం మగవాళ్ళు చూసుకుంటారు అని పంపేస్తాడు.

ఒడిస్సీలో ఇదే వాక్యం ఒక్క మాట మార్పుతో మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటి సర్గలో గ్రీకుల తిరుగు ప్రయాణపు పాట ఆపమని ఒడిస్సియస్ భార్య పెనెలోపే గాయకుణ్ణి అడిగితే, మగ్గం చూసుకో, మాట్లాడటం మగవాళ్ళ పని అంటాడు కొడుకు టెలిమకస్. 21వ సర్గలో బిచ్చగాడి వేషంలో ఉన్న ఒడిస్సియస్‌కు విల్లు ఇవ్వండి అని ఆమె పట్టుబడితే, విల్లు మగవాళ్ళ పని అంటాడు. 11వ సర్గలో దారిలో ఒడిస్సియస్‌కు ఆశ్రయమిచ్చిన ఫియేసియన్ల రాణి అరీటే, ఇతను నా అతిథి, కానుకలకు లోటు చేయకండి అని సభలో చెబితే, సాగనంపడం మగవాళ్ళ పని, అందరికన్నా నాది అంటాడు రాజు అల్కినోయస్. మౌఖిక కావ్యంలో వాక్యాలు తిరిగి రావడం మామూలే, గాయకుడికి అవి పనిముట్లు. అయినా ఈ వాక్యం పడే చోట్లు చూడాలి. ప్రతిసారీ ఆడమనిషి అప్పటికే మాట్లాడేసింది, చాలాసార్లు ఆమె మాటే నెగ్గింది. విల్లు పోటీ పెట్టాలన్న నిర్ణయం పెనెలోపేదే. అరీటే అన్న కానుకలు ఇచ్చే తీరారు. పైగా ఆ ఊళ్ళో ఒడ్డెక్కిన ఒడిస్సియస్‌కు రాకుమారి నౌసికా ఇచ్చిన సలహా: నాన్నను దాటి వెళ్ళి ముందు అమ్మ మోకాళ్ళు పట్టుకో. గీత స్థిరంగా ఉంటే ఇన్నిసార్లు గీయాల్సిన పని ఉండేది కాదు.

దేవలోకంలో ఈ గీత వేరేలా పడింది. ఇలియడ్ ఐదో సర్గలో గ్రీకు వీరుడు డయోమిడిస్ చేతిలో గాయపడి వచ్చిన ప్రేమదేవత ఆఫ్రొడైటీతో దేవుళ్ళ రాజు జ్యూస్, యుద్ధం నీ పని కాదు, పెళ్ళిళ్ళు చూసుకో, యుద్ధాన్ని అరీస్, ఎథీనా చూసుకుంటారు అంటాడు. ఎథీనా ఆడదే. 20వ సర్గలో సముద్రదేవుడు పొసైడన్ జ్యూస్ భార్య హేరాతో, మనం పక్కన కూర్చుందాం, యుద్ధం మగవాళ్ళు చూసుకుంటారు అన్నప్పుడు, ఆ మగవాళ్ళు అంటే చావున్న మనుషులని అర్థం. అయినా దేవతా స్త్రీలకు పూర్తి స్వేచ్ఛ ఉందనుకుంటే పొరపాటు. ఏడేళ్ళు ఒడిస్సియస్‌ను ఉంచుకున్న కాలిప్సో, అతన్ని వదిలేయమన్న ఆజ్ఞ రాగానే, దేవతలు మనుషులతో ఉంటే మగదేవుళ్ళు ఓర్వలేరని ఉదాహరణలతో సహా ఎత్తిపొడుస్తుంది. అక్కడ ఏడేళ్ళూ, అంతకు ముందు సర్సీ దగ్గర ఏడాదీ గడిపిన ఒడిస్సియస్‌ను కావ్యంలో ఎవరూ తప్పుపట్టరు.

ఆడవాళ్ళ గొంతు పూర్తిగా వినబడేది శోకాల్లో. అది వాళ్ళకు హక్కుగా ఉన్న మాట, మధ్యలో ఆపేవాళ్ళు లేరు. ఇలియడ్ 19వ సర్గలో అకిలీస్ దగ్గరికి తిరిగి వచ్చిన బ్రిసేయిస్ పట్రోక్లస్ శవం మీద పడి ఏడుస్తూ తన కథ చెబుతుంది. భర్తను కళ్ళముందే నరికారు, ముగ్గురు అన్నదమ్ములు అదే రోజు పోయారు. ఏడవకు, నిన్ను అకిలీస్‌కు పెళ్ళాన్ని చేయిస్తానని పట్రోక్లస్ అన్నాడు. అప్పటిదాకా ఆమె వాటా మాత్రమే. ఆ తర్వాతి రెండు పాదాల్లో కవి అంటాడు: మిగతా ఆడవాళ్ళూ ఏడ్చారు, పైకి పట్రోక్లస్ కోసం, లోపల ఎవరి కష్టానికి వాళ్ళు. ఇలియడ్ ముగింపులో హెక్టర్ శవం మీద శోకాలు పెట్టేదీ ముగ్గురు స్త్రీలే: ఆండ్రోమకే, తల్లి హెకుబా, యుద్ధానికి కారణమైన హెలెన్. ఆండ్రోమకే అతని కీర్తి పాడదు. గోడ మీద నుంచి విసిరేయబోతున్న కొడుకు గురించీ, పడక మీద చెయ్యి చాచి చివరి మాట చెప్పకుండా పోయినందుకూ ఏడుస్తుంది.

ఒడిస్సీలో గుండె కలుక్కుమనేది 22వ సర్గ. ఇంట్లో 50 మంది దాసీలు, వాళ్ళలో 12 మంది పెనెలోపేను పెళ్ళాడతామని వచ్చి ఇంట్లో తిష్ఠ వేసినవాళ్ళతో పడుకున్నారని ముసలి దాది యూరిక్లియా చెబుతుంది. ముందు ఆ పన్నెండుగురి చేతే శవాలు మోయించి, బల్లలు కడిగించారు. తర్వాత ఒడిస్సియస్ కత్తితో నరకమన్నాడు. శుభ్రమైన చావు వీళ్ళకు దక్కకూడదని టెలిమకస్ ఓడ తాడు కట్టి వరసగా ఉరితీశాడు. వలలో పడ్డ పావురాల్లా కాసేపు కాళ్ళు కొట్టుకున్నారు, ఎంతోసేపు కాదు అంటుంది కావ్యం. అదే సర్గ మొదట్లో ఒడిస్సియస్ ఆ మగవాళ్ళ మీద మోపిన నేరాల్లో ఒకటి: నా ఇంటి దాసీలతో బలవంతంగా పడుకున్నారు. మగవాళ్ళను నిలదీసినప్పుడు బలవంతం, దాసీలను శిక్షించినప్పుడు ద్రోహం. రెండు లెక్కల్లోనూ నష్టపోయినవాడు యజమానే కనుక కవికి ఇందులో వైరుధ్యం తోచలేదు.

దేవుడి వాటా

బలి ఎలా ఇవ్వాలో ఇలియడ్ మొదటి సర్గ వరస తప్పకుండా చెబుతుంది. చేతులు కడుక్కుంటారు, యవలు చేతిలోకి తీసుకుంటారు. పూజారి చేతులెత్తి ప్రార్థిస్తాడు. యవలు చల్లి, పశువు తల వెనక్కి వంచి గొంతు కోస్తారు. చర్మం ఒలిచి, తొడ ఎముకలు తీసి, రెండు పొరల కొవ్వు చుట్టి, పైన పచ్చి మాంసం ముక్కలు పెట్టి చీల్చిన కట్టెల మీద కాలుస్తారు, పైన ద్రాక్షసారా పోస్తారు. ఆ పొగ దేవుడి వాటా. అది కాలాక లోపలి భాగాలు రుచి చూసి, మిగతాది ముక్కలు చేసి చువ్వలకు గుచ్చి కాల్చి, ఎవరి వాటాకూ లోటు లేకుండా తింటారు. పశువును కొట్టేదీ కోసేదీ మగవాళ్ళు. ఒడిస్సీ మూడో సర్గలో నెస్టర్ ఇంట దెబ్బ పడగానే ఆడవాళ్ళు గొంతెత్తి కేక వేస్తారు. తంతులో వాళ్ళ భాగం అది. ఎముకలూ కొవ్వూ దేవుడికి, మాంసం మనిషికి ఎందుకన్న ప్రశ్న గ్రీకులకూ వచ్చింది. ప్రొమీథియస్ జ్యూస్‌ను మోసగించి పంచిన కథతో హెసియడ్ అనే కవి జవాబు చెబుతాడు. మొదటి స్త్రీని మగవాళ్ళ మీదికి పంపింది కూడా ఆ గొడవకు కొనసాగింపుగానే అంటాడు.

తంతు సరిగా చేస్తే దేవుడు వింటాడా? వినాలని లేదు. ఇలియడ్ ఆరో సర్గలో హెకుబా ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద, అందమైన వస్త్రం ఏరి ఎథీనా గుడికి తీసుకెళ్తుంది. పూజారిణి థియానో దాన్ని దేవత ఒడిలో పెట్టి, డయోమిడిస్ ఈటె విరిచెయ్యి అని మొక్కుతుంది. ఎథీనా ఒప్పుకోలేదు అని అర పాదంలో తేల్చేస్తాడు కవి. కారణం చెప్పడు. అయితే ఆ వస్త్రం సిడోన్ స్త్రీల చేతిపని అనీ, హెలెన్‌ను తెచ్చిన ప్రయాణంలోనే ట్రాయ్ రాకుమారుడు పారిస్ వాళ్ళను తెచ్చాడనీ ముందే చెప్పి ఉంచాడు.

ఒడిస్సీ 12వ సర్గలో తప్పు ఇంకో రకం. నెలరోజులు ఎదురుగాలికి దీవిలో ఇరుక్కుని, తిండి అయిపోయి, ఒడిస్సియస్ మనుషులు సూర్యదేవుడు హీలియోస్ ఎద్దులను కోస్తారు. యవలు లేవు కాబట్టి ఓక్ చెట్టు ఆకులు చల్లారు, ద్రాక్షసారా లేదు కాబట్టి నీళ్ళు పోశారు. మిగతా వరసంతా సరిగానే చేశారు. కానీ దేవుడి సొమ్ములోంచి దేవుడికే వాటా పెట్టడం ఏ తంతూ సరిదిద్దలేని పొరపాటు. ఒలిచిన చర్మాలు నేల మీద పాకాయి, చువ్వల మీద మాంసం రంకెలు వేసింది. ఆరు రోజులు తిన్నారు, ఏడో రోజు ఓడెక్కాక ఒక్కరూ మిగల్లేదు.

ఈ దేవుళ్ళు మంచి నడవడి కోసం పట్టుబట్టేది తక్కువ, తమ భాగం కోసం పట్టుబట్టేది ఎక్కువ. వాళ్ళ లోకం కూడా పంపకమే. ముగ్గురం చీట్లు వేసుకున్నాం, నాకు సముద్రం, హేడిస్‌కు పాతాళం, జ్యూస్‌కు ఆకాశం, భూమి ఉమ్మడి. జ్యూస్ తన భాగంలో ఉండాలి అని ఇలియడ్ 15వ సర్గలో పొసైడన్ కోప్పడతాడు. 16వ సర్గలో కొడుకు సార్పెడన్‌ను బతికించుకోవాలని జ్యూస్‌కు అనిపిస్తే హేరా అడ్డం పడుతుంది: నువ్వు చేస్తే మిగతా దేవుళ్ళూ తమ కొడుకులకు అదే అడుగుతారు. జ్యూస్ నెత్తుటి వాన కురిపించి ఊరుకున్నాడు.

జ్యూస్ మనుషుల న్యాయంలో గట్టిగా తలదూర్చేది అతిథుల విషయంలో. మర్యాద క్రమం ఇది: గుమ్మం దగ్గరే చెయ్యి పట్టుకుని లోపలికి తేవాలి, ఈటె తీసి పెట్టాలి, పీట వేయాలి, చేతులకు నీళ్ళివ్వాలి, అన్నపానాలు పెట్టాలి. ఆ తర్వాతే ఎవరు నువ్వని అడగాలి. ఒంటికన్ను రాక్షసుడు పోలిఫెమస్ ముందు పేరు అడిగి తర్వాత అతిథులనే తిన్నాడు. ఒడిస్సియస్ సొంత దీవి ఇథాకాలో తిష్ఠ వేసిన 108 మంది దీన్ని తలకిందులు చేశారు. అతిథులే ఇంటివాడి పశువులను పైసా ఇవ్వకుండా తినేశారు. పందుల కాపరి యూమియస్ మాత్రం ఉన్న పందిని కోసి, ఏడు వాటాలు వేసి, ఒకటి వనదేవతలకూ హెర్మిస్‌కూ తీసి, వీపు మాంసం బిచ్చగాడికి పెట్టాడు. కావ్యంలో వాటా తప్పకుండా పంచినవాడు దాసుడు కావడం యాదృచ్ఛికం అనిపించదు.

తేలని హత్యల లెక్క

హత్యకూ వెల ఉంది. అన్నను, కొడుకును చంపినవాడి దగ్గర కూడా సొమ్ము తీసుకుని ఊరుకుంటారు, చంపినవాడు ఊళ్ళోనే ఉంటాడు అని అయాస్ 9వ సర్గలో అకిలీస్‌కు గుర్తుచేస్తాడు. అకిలీస్ డాలు మీద చెక్కిన బొమ్మల్లో ఇలాంటి తగువే ఉంది. పెద్దలు రాతి పీటల మీద కూర్చుని తీర్పు చెబుతుంటే, బాగా తీర్చినవాడికి ఇవ్వడానికి నడుమ రెండు తలాంతుల బంగారం పెట్టారు. ఇలియడ్ చివర్లో హెక్టర్ తండ్రి ప్రియమ్ తెచ్చిన సొమ్ము తీసుకుని అకిలీస్ తాను చంపిన హెక్టర్ శవాన్ని ఇచ్చేస్తాడు. హెక్టర్ చేతిలో చనిపోయిన పట్రోక్లస్‌ను పేరుపెట్టి పిలిచి, కోప్పడకు, ఇందులో నీ వాటా నీకిస్తాను అంటాడు.

ఒడిస్సీలో ఈ దారి మూసుకుపోయింది. తలకు 20 ఎద్దుల వెల, బంగారం, కంచు ఇస్తామని ఇంట్లో తిష్ఠ వేసినవాళ్ళలో ఒకడు యూరిమకస్ బతిమాలితే, మీ తాతల ఆస్తంతా ఇచ్చినా వద్దంటాడు ఒడిస్సియస్. ఒక్కణ్ణి చంపినవాడే ఊరొదిలి పారిపోతాడు, మనం ఊరికి మూలస్తంభాల్లాంటి కుర్రాళ్ళను చంపాం అని తర్వాత కొడుకుతో తనే అంటాడు. 24వ సర్గలో చచ్చినవాళ్ళ బంధువులు సభ చేరారు. ఓడల్లో తీసుకెళ్ళినవాళ్ళనూ పోగొట్టాడు, ఇంట్లో మిగిలినవాళ్ళనూ చంపాడు అని చచ్చినవాళ్ళలో ఒకడి తండ్రి యూపీథిస్ చేసిన ఆరోపణలో అబద్ధం లేదు. వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆయుధాలు పట్టారు. ఒడిస్సియస్ ముసలి తండ్రి లయర్టీస్ ఈటె విసిరి యూపీథిస్‌ను కూల్చాడు, ఇక ఊరంతా తుడిచిపెట్టుకుపోయేదే. కొడుకుల, అన్నదమ్ముల చావును బంధువులు మరిచిపోయేలా చేద్దామని జ్యూస్ ముందే తేల్చి ఉంచాడు. పిడుగు వేశాడు, ఎథీనా ఒడిస్సియస్ స్నేహితుడు మెంటర్ రూపంలో రెండు పక్షాల చేతా ప్రమాణం చేయించింది.